ఆసుపత్రి గడప దాటరాని జ్వరము

మైలవరము అనగానే మన పెద్దలకు నాటకము జ్ఞప్తికి వచ్చెడిది. ఇరువదవ శతాబ్ది తొలిపాదమున మైలవరము జమీందారుల ఆదరమున వర్ధిల్లిన నాటక సమాజము ఆంధ్రదేశమంతటను పేరు గడించినది. ఒక్క పందిరిక్రింద ఊళ్లకు ఊళ్లు కూడి, తెల్లవారువరకు పద్యములు విని, 'వన్స్‌మోర్' అని కేకలు వేసిన రోజులవి. నేడు మైలవరమున ప్రతి ఉదయమును జనము కూడు చోటు వేరొకటి. అది ప్రభుత్వ ఆసుపత్రి వాకిలి. వెల్వడము, చంద్రాల, పుల్లూరు, చండ్రగూడెము మొదలైన గ్రామములనుండి ఆటోలలోను, బస్సులలోను వచ్చినవారు చీటీ వ్రాయించుకొనుటకు అచ్చట బారులు తీరుదురు.

వానకాలమున ఒకనాటి ఆ బారును మనస్సున ఊహించుకొందము. ముందు నిలిచినవాడు మూడు దినములుగా జ్వరముతోను, పొడిదగ్గుతోను బాధపడుచున్నాడు. అతని వెనుక ఒక నిండు గర్భిణి, నెలవారీ పరీక్షకు వచ్చినది. ఆమె వెనుక ఒక వృద్ధుడు, మధుమేహమునకు బిళ్లలు తీసికొనిపోవుటకు వచ్చినాడు. ఆపైన తల్లి చంకలో ఏడాది బిడ్డ, టీకాకు వచ్చినది. మొదటివాడు నోటికి అడ్డము పెట్టుకొనకుండ నాలుగుమార్లు దగ్గినాడు. గంటసేపటికి అందరును ఎవరి మందు వారు పుచ్చుకొని ఇండ్లకు పోయిరి. రెండు దినములు గడచినపిమ్మట ఆ గర్భిణికి జ్వరము, ఆ వృద్ధునికి ఆయాసము. వారు ఆసుపత్రికి ఆరోగ్యము కొరకు పోయి రోగమును వెంటబెట్టుకొని వచ్చిరి. ఇది ఏ ఒక్క ఊరి ముచ్చటయు కాదు. లోకమునందలి ప్రతి ఆసుపత్రియు ఎదుర్కొనవలసిన చిక్కే ఇది. దీనిని మానవుడు ఎట్లు గుర్తించినాడు, ఎట్లు ఎదిరించినాడు, నేడు మన చేతిలోనున్న సాధనము లేవి అను విషయమును ఇచ్చట కొంత ముచ్చటింతుము.

ఇన్‌ఫ్లుయెంజా అనునది ఇటలీ దేశపు మాట. ప్రభావము అని దాని అర్థము. నక్షత్రముల ప్రభావమువలననే ఈ జ్వరము ఊళ్లమీద పడునని పూర్వము అచ్చటివారు నమ్మిరట. గ్రహచారమును తలపోయు మనకు ఆ నమ్మిక వింతగా తోపదు. ఒకేసారి ఊరంతయు మంచమెక్కుట చూచినవారు, మనిషినుండి మనిషికి ఇది పాకుచున్నదని ఊహింపక, ఆకాశమునుండి దిగినదని తలచుటలో ఆశ్చర్యము లేదు. సోకిన ఒకటి రెండు దినములలోనే, ఒక్కొక్కప్పుడు నాలుగు దినములకు, జ్వరము పైకి తేలును. అంతటి వేగము గలది కనుకనే, ఎవరినుండి ఎవరికి వచ్చినదో లెక్క చూచుకొనుటకు వ్యవధి చిక్కదు.

1918వ సంవత్సరమున లోకము ఆ వేగమును చవిచూచినది. మొదటి ప్రపంచయుద్ధము ముగియవచ్చుచున్న దినములు. ఆ యేడు జూన్ మాసమున బొంబాయి రేవు ప్రాంతమున పనిచేయు పోలీసులు కొందరు జ్వరముతో ఆసుపత్రిలో చేరిరి. కొలది వారములలో నగరమంతయు దగ్గినది. ఆ మొదటి తాకిడి మెత్తనిదే. సెప్టెంబరులో తిరిగివచ్చిన రెండవ తాకిడి అట్టిది కాదు. అది సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మాసములలో దేశము నాలుగు చెరగుల వ్యాపించి, బలిష్ఠులైన యువతీయువకులను రోజుల వ్యవధిలో ఊపిరితిత్తుల వాపుతో పొట్టనబెట్టుకొన్నది. కొందరు దానిని బొంబాయి జ్వరమని పిలిచిరి.

రోగము పయనించిన త్రోవ ఏది? అప్పటి భారత ప్రభుత్వపు శానిటరీ కమీషనరు నార్మన్ వైట్ 1919లో సమర్పించిన నివేదికలో రైలుమార్గముల పాత్రను ఎత్తి చూపినాడు. మన ప్రాంతమునకు ఈ మాట మిక్కిలి వర్తించును. సికిందరాబాదునుండి బెజవాడకు నైజాం రైలు 1889లోనే వచ్చినది. 1899 నాటికి బెజవాడ మద్రాసు మార్గము కూడ ఏర్పడినది. ఉత్తరమునుండి, దక్షిణమునుండి, పడమటినుండి వచ్చు బండ్లన్నియు కలియు కూడలి బెజవాడ. మైలవరమునకు దగ్గరి స్టేషనగు కొండపల్లి ఆ నైజాం మార్గముమీదనే యున్నది. ధాన్యము వచ్చిన త్రోవనే, ఉత్తరములు వచ్చిన త్రోవనే జ్వరమును రాగలదు. బండి దిగిన మనిషి ముక్కుగొట్టములలో ఏమున్నదో పరీక్షించు కావలివాడు ఆనాడు ఏ స్టేషనులోను లేడు.

ఆ సంవత్సరమే నైరృతి ఋతుపవనము దేశమును మోసగించినది. యుద్ధమువలన ధరలు పెరిగినవి. మద్రాసు రాజధానిలో పలుచోట్ల ధాన్యపు దోపిడులు జరిగినవి. అర్ధాకలితోనున్న దేహములమీద జ్వరము వచ్చిపడినది. దేశమున ఎందరు మరణించిరన్న ప్రశ్నకు వైట్ నివేదిక చెప్పిన లెక్క సుమారు 60 లక్షలు. పిమ్మట జనాభా లెక్కలను తరచి చూచిన పండితులు ఆ సంఖ్య చాల తక్కువయనియు, 1 కోటి 20 లక్షలనుండి 1 కోటి 80 లక్షల వరకు ఉండవచ్చుననియు తేల్చిరి. నేటి భారతదేశపు ఎల్లలలో లెక్కించినచో 1911లో జనాభా 25 కోట్ల 20 లక్షలు. పదేండ్ల తరువాత, 1921లో, 25 కోట్ల 10 లక్షలు. దశాబ్దము గడచినను జనము పెరుగుటకు మారు తరుగుట ఈ దేశపు జనాభా లెక్కలలో ఆ ఒక్కసారియే సంభవించినది. బొంబాయి, మధ్యపరగణాలతో పోల్చినచో మద్రాసు రాజధానిలో మరణములు తక్కువ. కాని తక్కువ అనుమాట తల్లిని పోగొట్టుకొన్న ఇంటికి ఓదార్పు కాజాలదు.

తల్లి అని ఊరక అనలేదు. ఆ లెక్కలలో మనస్సును కలచు విషయమొకటి యున్నది. పాశ్చాత్య దేశములు పెక్కింటికి భిన్నముగ, భారతదేశమున ఆ జ్వరముచేత పురుషులకంటె స్త్రీలు ఎక్కువగా మరణించిరి. ఇందుకు చెప్పబడిన కారణములు రెండు. స్త్రీలకు తిండి తక్కువ. చాకిరి ఎక్కువ. ఇంట నలుగురు పడకవేసినచో నలుగురికిని గంజి కాచి పోసినది, చెమట తుడిచినది, కఫపు గిన్నె కడిగినది ఇల్లాలే. ఆమె ప్రక్కనుండి లేచుటకు వీలులేదు. ఆమెకు జ్వరము వచ్చినపుడు కుండలో నీరు ముంచి యిచ్చు మనిషి లేకపోయెను. రోగికి పరిచర్య చేయు చేతికే రోగము మొదట అంటును. ఆ చేయి పడిపోయినచో రోగియు దక్కడు. 1918 మనకు విడిచిపోయిన పాఠములలో మేము మొదటిదిగా ఎంచునది ఇదియే. ఇంటికి వర్తించిన ఈ పాఠము ఆసుపత్రికిని అక్షరాల వర్తించును.

ఆ దినములలో ఆసుపత్రులు చేయగలిగిన దేమి? రోగకారణమే తెలియదు. 1892లో ఫైఫర్ అను జర్మన్ పండితుడు ఒక బాక్టీరియాను చూపి ఇదియే ఇన్‌ఫ్లుయెంజాకు మూలమని ప్రకటించియుండెను. అది పొరపాటు. అయినను కారణము తెలియకున్నను వైద్యులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అంతకు అర్ధశతాబ్దికి పూర్వమే ఫ్లారెన్స్ నైటింగేల్ ఆసుపత్రి గదికి ఎదురెదురు కిటికీలు, మంచమునకు మంచమునకు నడుమ తగినంత ఎడము ఉండవలెనని పట్టుపట్టి సాధించినది. 1910, 1911 సంవత్సరములలో మంచూరియా ప్లేగునందు వూ లియెన్ తే అను చైనా జాతి వైద్యుడు, రోగము గాలివెంట మనిషినుండి మనిషికి పోవుచున్నదని గ్రహించి, గుడ్డయు దూదియు పొరలుగా పెట్టిన ముసుగులను వైద్యులకు, రోగులకు కట్టించెను. 1918లో అమెరికా దేశమున బోస్టను నగరము చెంత రోగులను డేరాలలోనుంచి, పగటివేళ ఎండలోనికి, ఆరుబయటికి తెచ్చి పడుకొనబెట్టి, పరిచారకులకు నోటిముసుగులు కట్టి వైద్యము చేసిరి. అమెరికా సైనిక శిబిరములలో మంచమునకు మంచమునకు నడుమ దుప్పట్లు వ్రేలాడదీసిరి. మందు లేని కాలమున ఎడము, గాలి, అడ్డుగుడ్డ, శుభ్రమైన చేతులు అను నాలుగే వారి ఆయుధములు.

ఆ నాలుగింటికి ముందుగా చెప్పదగినది మరొకటి కలదు. అది గడపకడనే ఆపుట. పసిఫిక్ సముద్రమునందలి సమోవా దీవులు ఇందుకు సాక్ష్యము. 1918 నవంబరులో ఆక్లాండు రేవునుండి టలూన్ అను నౌక పశ్చిమ సమోవాకు వచ్చినది. నౌకలో జ్వరపీడితులుండినను ప్రయాణికులను దిగనిచ్చిరి. కొలది వారములలో ఆ దీవుల జనములో ఐదవవంతు గతించిరి. సమీపముననేయున్న అమెరికన్ సమోవాలో అధికారులు నౌకలను కట్టుదిట్టముగా ఆపిరి. అచ్చట ఒక్కరును చనిపోలేదు. దీవిని మూయవచ్చును. బెజవాడవంటి కూడలిని మూయుట అసాధ్యము. కాని ప్రతి ఆసుపత్రియు ఒక చిన్న దీవివంటిదే. దానికొక గడప యున్నది. ఆ గడపకడ ఒకరు నిలిచి చూడగలరు.

1933లో లండనులో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లైడ్‌లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు రోగి గొంతు కడిగిన నీటిని వడగట్టి, ఫెరెట్ అను ముంగిసవంటి జంతువుల ముక్కులో వేసి, వానికి జ్వరము తెప్పించి, మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజాకు మూలము వైరసు అని నిరూపించిరి. ఒక జంతువు విల్సన్ స్మిత్ ముఖముమీద తుమ్మగా ఆయనకే జ్వరము వచ్చినది. పరిశోధనాలయములోనే రోగము తన నడకను ఇట్లు తాను చూపించుకొన్నది. ఆ పరిశోధనల ఫలితముగ 1940ల నడుమ టీకా వాడుకలోనికి వచ్చినది. ఈ వైరసు ఏటేట వేషము మార్చును కనుక టీకానుకూడ ఏటేట మార్చవలసివచ్చుచున్నది. అందుకై లోకమంతట కనిపెట్టి చూచు కేంద్రములు ఏర్పడినవి. మన దేశమున ఆ బాధ్యతను నీలగిరులలోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూటు వహించినది.

వేషము మార్చిన వైరసు 1957లో మన తలుపు తట్టినది. ఆ యేడు తొలిమాసములలో చైనాలో తలయెత్తిన కొత్తరకపు ఇన్‌ఫ్లుయెంజా హాంకాంగునకు, సింగపూరునకు ప్రాకినది. మే మాసమున సింగపూరునుండి మద్రాసు రేవునకు రజూలా అను నౌక వచ్చినది. మలయాకు, మద్రాసునకు నడుమ నడచిన ఈ నౌకను మలయా తోటలకు బ్రతుకుతెరువునకై పోయిన మనవారు బాగుగ ఎరుగుదురు. ఆ ప్రయాణమున నౌకలోనే జ్వరము చెలరేగినది. మద్రాసునుండి అది దేశమంతటికి అల్లుకొన్నది. మే మాసమునుండి మరుసటి యేడు ఫిబ్రవరి తొలివారమువరకు ప్రభుత్వ లెక్కలకెక్కిన రోగులు 44 లక్షలకు పైబడిరి. మరణములు ఇంచుమించు 1,100. 1918తో పోల్చినచో ఇది అల్పమే. వైరసు అంత క్రూరమైనది కాకపోవుట ఒక కారణము. ఊపిరితిత్తులలో పిదప చేరు బాక్టీరియాలను అణచుటకు పెన్సిలిన్ వంటి మందులు అప్పటికి లభించుట మరొక కారణము. ఇంకొక భేదముకూడ కలదు. 1918లో వార్త వచ్చులోపల జ్వరము వచ్చినది. 1957 నాటికి విజయవాడ ఆకాశవాణి నెలకొని తొమ్మిదేండ్లు కావచ్చినది. రోగముకంటె ముందుగా కబురు పోగల మార్గము ఏర్పడినది.

2009లో తెలుగునాటికి మరొక పరీక్ష వచ్చినది. మెక్సికో, అమెరికాలలో బయలుదేరిన హెచ్1ఎన్1 రకము, జనులు స్వైన్ ఫ్లూ అని పిలిచినది, భారతదేశమున మొట్టమొదట బయటపడినది హైదరాబాదులోనే. అమెరికానుండి వచ్చిన ఒక ప్రయాణికునికి అది సోకినట్లు 2009 మే 16న ధ్రువపడినది. అతనిని ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రిలో వేరుగా నుంచి చికిత్స చేసిరి. క్షయరోగులను వేరుగా నుంచుటకు అలవాటుపడిన ఆసుపత్రి ఈ కొత్త పనికి ఉపకరించినది. ఒక్కరిని వేరుచేసినంత మాత్రమున దేశమునకు రోగము రాకుండ ఆగలేదు. కాని ఆ విధముగా చిక్కిన కాలము పరీక్షాశాలలను, మందులను సమకూర్చుకొనుటకు అక్కరకు వచ్చును. ఆ రకమే పిదప ఏటేటి జ్వరములలో ఒకటియై నిలిచినది. 2015లో దేశమున 42 వేలమందికి పైగా అది సోకినట్లు పరీక్షలలో తేలగా, 3 వేలమందికి దగ్గరగా మరణించిరి. 2020లో వచ్చిన కోవిడ్ వైరసు వేరు, ఇన్‌ఫ్లుయెంజా వేరు. అయినను నోటిముసుగు, ఎడము, చేతి శుభ్రత అను నూరేండ్లనాటి ఆయుధములనే లోకము మరల చేపట్టవలసివచ్చినది. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఆనాడు కోవిడ్ ఆసుపత్రిగా మారి, గడపకడ వేరుచేయుట యెంత కష్టమో, ఎంత అవసరమో మన ప్రాంతమువారికి కన్నులార చూపినది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఈ జ్వరము ఎట్లు ప్రాకునో, ఎట్లు ఆపవచ్చునో వివరింతుము. దగ్గినపుడు, తుమ్మినపుడు, బిగ్గరగా మాటలాడినపుడు వెడలు తుంపరలలో వైరసు ఉండును. పెద్ద తుంపరలు ఒకటి రెండు మీటర్లలోపల నేలరాలును. మిక్కిలి సన్ననివి గాలిచొరని గదిలో కొంతసేపు తేలియాడును. ఇనుప మంచపు కమ్మీమీద, ప్లాస్టిక్ కుర్చీమీద ఒకటి రెండు దినములు, గుడ్డమీద, కాగితముమీద కొన్ని గంటలు, చేతిమీద కొలది నిమిషములు వైరసు బ్రతికియుండును. ఆ చేయి కంటికో ముక్కునకో తగిలినచో చాలును. రోగలక్షణములు కనిపించుటకు ఒకనాడు ముందుగానే మనిషి దీనిని ఇతరులకు అంటింపగలడు. పిమ్మట అయిదారు దినములు అంటించుచునే యుండును. పసిబిడ్డలలో ఈ గడువు ఇంకను ఎక్కువ.

కనుక మొదటి పని గడపకడ. చీటీ వ్రాయు చోటనే "జ్వరము, దగ్గు ఉన్నవా?" అని అడిగి, ఉన్నవారిని వేరొక వరుసలో, వీలైనచో వసారాలో, గాలి తగులుచోట కూర్చుండబెట్టవలెను. వారి చేతికొక నోటిముసుగు ఇయ్యవలెను. గర్భిణులు, పసిబిడ్డలు, వృద్ధులు వారి చెంత నిలువకుండ చూడవలెను. దీనికి యంత్రములు అక్కరలేదు. ఒక బల్ల, ఒక మనిషి, ఒక ప్రశ్న చాలును.

రెండవ పని వార్డులో. చేర్చుకొన్న రోగిని వేరు గదిలోనుంచుట ఉత్తమము. గది లేనిచో ఒకే జ్వరము కలవారినందరిని ఒకచోట చేర్చి, మంచముల నడుమ కనీసము ఒక మీటరు ఎడము విడువవలెను. కిటికీలు తెరచియుంచవలెను. పాతకాలపు ఆసుపత్రుల ఎత్తైన కప్పులు, ఎదురెదురు కిటికీలు, పొడవాటి వరండాలు అందముకొరకు కట్టినవి కావు. చల్లదనముకొరకు వానిని మూసి గాలి ఆడకుండ చేయుట తెలివి కాదు. జ్వరము మొదలైన నాటినుండి ఏడు దినములు, లేదా జ్వరము తగ్గిన పిదప ఒక దినము, ఈ రెండింటిలో ఏది ఎక్కువయో అంతవరకు రోగిని ఇతరులలో కలుపరాదు. ఎక్స్‌రేకు తీసికొనిపోవలసివచ్చినచో నోటిముసుగు కట్టియే తీసికొనిపోవలెను. వేరొక కారణమున చేరిన ఇద్దరికి మూడు దినముల వ్యవధిలో కొత్తగా దగ్గుజ్వరము వచ్చినచో రోగము వార్డులో తిరుగుచున్నదని అనుమానించి, అందరిని పరీక్షింపవలెను.

మూడవది చేతుల శుభ్రత. వైరసుమీద కొవ్వుపొర యొకటి యుండును. సబ్బు ఆ పొరను కరగించును. కుంకుడురసము తలలోని జిడ్డును వదలించు తీరుననే సబ్బు వైరసును విచ్ఛిన్నము చేయును. ఒక రోగిని తాకి మరియొక రోగిని తాకబోవు ముందు, సబ్బుతో నలుబది సెకనులకు తగ్గకుండ చేతులు కడుగుకొనుట, లేదా ఆల్కహాలు ద్రవముతో రుద్దుకొనుట వైద్యునికి, నర్సుకు, పని మనిషికి సమానముగా విధి. ఇందు పెద్ద చిన్న తారతమ్యము లేదు.

ఇచ్చటివరకు చెప్పినవి ఏ దేశపు నియమావళిలోనైనను కానవచ్చును. మన ఆసుపత్రులలో మరొకటి ఉన్నది. మనలో రోగి ఒంటరిగా ఆసుపత్రికి పోడు. వెంట భార్యయో, అక్కయో, కొడుకో ఉండితీరును. మందు తెచ్చునది, నీళ్లు పోయునది, రాత్రివేళ మంచము క్రింద చాపమీద పడుకొనునది వారే. చూడవచ్చు బంధువులు వేరు. పాశ్చాత్యులు నర్సును గూర్చి వ్రాసిన నియమములన్నియు మనము ఈ తోడుమనిషికి కూడ వర్తింపజేయవలెను. ఒక రోగికి ఒక్కరే తోడు, అదియు ప్రతిదినము ఆ ఒక్కరే, ఉండుట మేలు. ఆ ఒక్కరు గర్భిణియో, ముదుసలియో కాకుండ చూడవలెను. వారికిని ముసుగు ఇచ్చి, చేతులు కడుగుకొను విధము చూపవలెను. పిల్లలను వెంటబెట్టుకొని వార్డులోనికి పోవు అలవాటును మానవలెను. ఫలములు పంపి, పలుకరింపును ఫోనుద్వారా తెలిపినను ఆప్యాయతకు లోటు రాదు. 1918లో మంచముచెంత నేలకొరిగిన ఇల్లాలిని మరువనివారు ఈ నియమమును నిర్దయ అనుకొనరు.

ఇక అన్నింటికంటె క్లిష్టమైనది నాల్గవ విషయము. అది జ్వరము వచ్చిన పరిచారకుల సంగతి. రాత్రి డ్యూటీకి రావలసిన నర్సుకు సాయంకాలము ఒళ్లు నొప్పులు మొదలైనవి. ఆమె రాకున్నచో ఆ వార్డుకు వేరొకరు లేరు. వార్డు ఊడ్చు స్త్రీకి జ్వరము తగిలినది. ఆమె దినకూలి. రానిచో ఆనాటి కూలి లేదు. ఇద్దరును ఒక బిళ్ల మ్రింగి పనికి వచ్చిరి. వారిని నిందింపగలమా? తాము మంచి చేయుచున్నామనియే వారి తలంపు. కాని ఆ రాత్రి ముప్పది మంచముల నడుమ జ్వరమును మోసికొని తిరిగినది వారి కాళ్లే. మందు వాడకుండ జ్వరము తగ్గి ఒక దినము గడచువరకు పనికి రారాదని నియమము వ్రాయుట సులువు. ఆ దినములకు జీతము కోయకుండుట, వారికి మారుగా మరియొకరిని ఏర్పరచుట కష్టము. రెండవది చేయనిదే మొదటిది గోడమీది వ్రాతగానే మిగులును. గోడలకు అంటించు ప్రకటనలమీద వెచ్చించు దానిలో కొంత ఈ పనికి వెచ్చించినచో ఫలము అధికమని మా నమ్మకము.

ఆసుపత్రి ఉద్యోగులందరు ఏటేట ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకొనవలెనని వైద్యశాస్త్రము బోధించుచున్నది. గర్భిణులకు, వృద్ధులకు, పసివారికి, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు కలవారికి కూడ ఇది హితము. టీకా వేయించుకొన్నవారికి జ్వరము రానే రాదని చెప్పజాలము. వచ్చినను ప్రాణాపాయము తగ్గును. టీకా ఫలించుటకు రెండు వారములు పట్టును కనుక రోగము ఊరిలోనికి వచ్చినపిమ్మట పరుగెత్తుటకంటె ముందుగా వేయించుకొనుట తెలివి. రోగము తీవ్రముగా నున్నవారికి, అపాయము కలుగు అవకాశము గలవారికి ఒసెల్టామివిర్ అను మందును వైద్యుడు ఇచ్చును. అది మొదటి రెండు దినములలో ఆరంభించినచో ఎక్కువ ఫలించును. యాంటీబయాటిక్ బిళ్లలు వైరసును చంపజాలవు. అంగడిలో అడిగి కొనుక్కొని మ్రింగుటవలన మేలు లేకపోగా, నిజముగా అవసరమైననాడు అవి పనిచేయకుండ పోవు ప్రమాదము కలదు. పిల్లలకు ఈ జ్వరమునందు ఆస్పిరిన్ ఇయ్యరాదు.

ఇంటివారు గుర్తుంచుకొనదగిన మాట ఒకటి. ఆరోగ్యవంతులైన పెద్దలకు వచ్చిన సామాన్యపు జ్వరము విశ్రాంతితో, ద్రవాహారముతో వారము దినములలో తగ్గును. అట్టివారు ఆసుపత్రి బారులో నిలువక ఇంటనే వేరు గదిలో, గాలి ఆడుచోట విశ్రమించుటయే తమకును, ఇతరులకును శ్రేయస్కరము. ఆయాసము, రొమ్ము నొప్పి, పెదవులు నీలమగుట, మాట తడబాటు, బిడ్డ పాలు నీళ్లు ముట్టకుండుట, తగ్గిన జ్వరము తిరిగి హెచ్చుట కనిపించినచో క్షణము ఆలసింపరాదు. గర్భిణులు, వృద్ధులు మొదటిరోజుననే వైద్యుని సంప్రదింపవలెను. పోవునపుడు ముక్కు, నోరు కప్పుకొని పోవలెను.

మైలవరము చుట్టుప్రక్కల కొండలలో బుడమేరు పుట్టును. వేసవిలో దానిని చూచినవాడు ఇది ఏరా, కాలువయా అని సందేహించును. 2024 సెప్టెంబరు తొలిదినములలో ఆ బుడమేరే గట్లకు గండ్లుపడి విజయవాడలోని సింగ్‌నగరు ప్రాంతమును ముంచినది. వేలయిండ్లలో నీరు నిలిచినది. అంతయు జరిగిన పిమ్మట గండ్లు పూడ్చుటకు సైనికులు సైతము రావలసివచ్చినది. గట్టుమీద మొదటి చెమ్మ కనిపించినపుడు నాలుగు తట్టల మట్టితో ఆగదగినది, గండి పడినపిమ్మట లారీల రాళ్లతోగాని ఆగదు. ఆసుపత్రిలో జ్వరమును అంతియే. గడపకడ అడిగిన ఒక ప్రశ్న, దగ్గువానికి ఇచ్చిన ఒక ముసుగు, జ్వరము తగిలిన పరిచారికకు కూలి కోయకుండ ఇచ్చిన మూడు దినముల సెలవు, ఇవి ఆ నాలుగు తట్టల మట్టి.

మైలవరము ఆసుపత్రి వాకిట నిలుచు ఆ గర్భిణియు, ఆ వృద్ధుడును, ఆ పసిబిడ్డయు తాము వచ్చిన పని చూచుకొని, తెచ్చుకొనని రోగమును వెంటబెట్టుకొనకుండ ఇండ్లకు చేరవలెను. వారికి మందు ఇచ్చిన నర్సును మరునాడు నిండు ఆరోగ్యముతో అదే వార్డున తిరుగవలెను. నూరేండ్లనాడు మన ఇండ్లలో సేవచేయుచు నేలకొరిగిన తల్లులకు ఆనాడు ఎవరును అడ్డు నిలువలేకపోయిరి. నేడు అడ్డు నిలుచుటకు కావలసినదంతయు మనకు తెలిసియే యున్నది.